సీసపు ఆవు

ఈ ఊళ్ళో గాలికి పేరు పెట్టరు.
వీధి మూలల్లో తాళ్ళు కడతారు, అంతే,
మనుషులు పట్టుకుని నడవడానికి.
సోమవారం విమానం ఆ గాలికే దిగలేక
జలసంధి మీద రెండు చుట్లు తిరిగి
వచ్చిన దారినే వెళ్ళిపోయింది.
అందులో మా ఆవు ఉంది.

ఆవనే అంటాం మేం దాన్ని.
బకెట్టంత ఉంటుంది. సీసపు ఒళ్ళు, రెండు మూతులు.
ఒక మూతికి ఉప్పునీళ్ళ బుడ్డి,
ఇంకో మూతికి గాలి తీసేసిన బుడ్డి తగిలిస్తే
కాసేపు ఆలోచించి, చేపుతుంది.
రంగులేని పాలు. తోడుపెట్టినా తోడుకోని పాలు.
ఆరు గంటల్లో సగమైపోతాయి, ఎవరూ ముట్టకపోయినా,
ఇంకో ఆరు గంటలకి సగంలో సగం.
దాచుకోవడం కుదరని పాడి ఇది.

మంగళవారం రాత్రికి చేరింది,
దారిలోనే మూడోవంతు వట్టిపోయి.
బుధవారం జాబితాలో తొమ్మిది పేర్లు, ఉన్న పాలు ఆరుగురికి.
ముగ్గురిని కొట్టేశాను పెన్సిల్‌తో,
పెన్నుతో కొట్టెయ్యబుద్ధి కాలేదు.
దొన్ ఒనోఫ్రేని ఉంచాను.
తెల్లారకముందే పోర్వెనీర్ నుంచి పడవెక్కి వచ్చాడు,
బూట్లకి ఇంకా అక్కడి మట్టే.

సూది గుచ్చిన చేతిని వెంటనే వెనక్కి లాక్కోవడం
మాకు మొదటి ఏడే నేర్పారు.
పలకరింపు రెండు మీటర్ల దూరం నుంచి.
"మూడు గంటలు కూర్చోవాలి. నీళ్ళు బాగా తాగండి.
ఇవాళంతా చిన్నపిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకోకండి."
"నా ఒళ్ళో కూర్చునేది కుక్కొక్కటే యస్నా,
దానికీ పదమూడేళ్ళు."
నా కోటు మీద పేరు ఎప్పుడు చదివాడో.

పన్నెండింటికి బల్ల మీద పడుకోబెట్టాను.
కెమెరా ఆయన ముక్కుదాకా దిగి ఆగింది.
తెర మీద ఎముకలు ఒక్కో చుక్కా కురుస్తూ వచ్చాయి,
పుర్రె, భుజాలు, పక్కటెముకల నిచ్చెన.
తర్వాత వెన్నులో మూడు చోట్ల, తుంటిలో ఒక చోట,
నలుపు.
మంచు మీద దూరం నుంచి చూస్తే
గొర్రెలు నల్లగానే కనిపిస్తాయి.

అందరికంటే ముందు నేనే చూస్తాను.
చెప్పే హక్కు లేని మొదటి మనిషిని.
"డాక్టర్ చూసి చెబుతారు" అనే ఒక్క మాటకి
పద్నాలుగేళ్ళుగా గొంతు సవరించుకుంటున్నాను.
ముఖం సంగతి సరే, దాన్ని గోడ చేసుకోవచ్చు;
దుప్పటి సర్దేటప్పుడు చేతులే
అవసరం కంటే ఎక్కువసేపు సర్దుతాయి.

ఆయన అడగలేదు.
కప్పు వైపు చూస్తూ, కదలకుండా, పెదవులతో మాత్రం అన్నాడు:
"నలభై ఏళ్ళు గొర్రెల బొచ్చు కత్తిరించాను.
బొచ్చు కిందికి చెయ్యి పోతే తెలిసిపోతుంది,
ఏది చలికాలం దాటదో.
తెలిసినా యజమానితో అనేవాళ్ళం కాదు.
అది మన పని కాదు కదా.
దాన్ని మాత్రం తోసేసేవాళ్ళం కాదు మిగతావాటిలా,
కాళ్ళు నేలకి ఆనేదాకా పట్టుకుని దించేవాళ్ళం."

యంత్రం ఆగింది.
రెండు మీటర్లూ నడిచాను.
ఒక చెయ్యి వీపు కింద, ఒకటి మోచేతి కింద పెట్టి,
ఆ పాత బూట్లు రెండూ నేలని వెతుక్కుని ఆనేదాకా
వదల్లేదు.
వేలి ఉంగరం లెక్కపెట్టుకునే ఉంటుంది.
పెట్టుకోనీ.

కిటికీలోంచి చూస్తే
మూల మీద తాడు పట్టుకుని నిలబడ్డాడు,
టోపీ ఇంకో చేత్తో అదిమి పట్టుకుని.
మూడింటికి సగం,
పడవ దిగి ఇంటికి చేరి, కుక్కకి అన్నం పెట్టి,
దాన్ని ఒళ్ళోకి రావద్దని కసిరేసరికి
సగంలో సగం.

ఆ ముగ్గురికీ ఫోన్ చెయ్యాలి ఇప్పుడు.
వచ్చే సోమవారం రమ్మనాలి.
గాలి ఎలా ఉంటుందని అడుగుతారు.